సర్వ మీది మూడక్షరాలు

ఆమదాలవలసలో పైడమ్మ పెద్దకర్మ భోజనాలయ్యాక, వరండాలో కూర్చున్న నా దగ్గరికి పదేళ్ల పిల్ల ఒకతె ఫోను పట్టుకొని వచ్చింది. పైడమ్మకు మునిమనవరాలు. తెర మీద ఏడు ఇంగ్లిషు అక్షరాలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. ఎ, ఇ, ఎన్, ఆర్, ఎస్, టి, వి. వాటిలోంచి మాటలు ఏరాలట. చిన్నవన్నీ ఏరేసింది. ఏడక్షరాలూ కలిసి వచ్చే మాట ఒక్కటి మిగిలిపోయింది. "ఎస్సుతో మొదలవుద్దంట తాతా. నీకు తెలుసేటి?" అంది.

చూసిన క్షణంలోనే ఆ మాట నాకు కనిపించింది. "తెలీదమ్మా" అన్నాను. గుమ్మం దగ్గర ముక్కాలిపీట మీద కూర్చున్న సింహాచలం తలెత్తి చూసింది. పైడమ్మకు ఒక్కగానొక్క కూతురు, ఈ పిల్లకు నానమ్మ, ఇంగ్లిషు టీచరుగా చేరి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఆమె కూర్చున్న చోటికి ఫోను తెర కనిపించదు. కాని పిల్ల ఏడక్షరాలూ పైకి చదివింది. ఆమెకు అంతకన్నా అక్కర్లేదు. నేను అబద్ధమాడానని ఆమెకు తెలిసింది, ఆమెకు తెలిసిందని నాకూ తెలిసింది. ఆమె వెనక, చేతులు కడుక్కోవడానికి నీళ్లు నింపి పెట్టిన పెద్ద ఇత్తడి సర్వ ఉంది. దాని మెడ కింద మూడక్షరాలు. వాటిని నేను మళ్ళీ చూస్తానని అనుకోలేదు. విజయనగరంలో పాసింజరు ఎక్కినప్పటినుంచి, చీపురుపల్లి స్టేషను వచ్చినప్పుడు కూడా అటు తిరక్కుండా, నేను మనసులోకి రానివ్వకుండా తప్పించుకుంటూ వచ్చింది వాటినే.

మా వంశం గురించి నేనెవరి దగ్గరా జాలి కోరలేదు, ఇప్పుడూ కోరను. చీపురుపల్లికి ఆరేడు మైళ్ల దూరంలో ఉన్న మా ఇంటిని జనం దివాణం అనేవారు. నాకు ఊహ వచ్చేసరికి ఆ పేరుకు తగినవి రెండే మిగిలాయి, మా తాతగారి కోటు, వంటింటి ఇత్తడి సామాను. భూములు కోర్టుల్లో కొన్ని, చట్టాల్లో కొన్ని పోయాయి. తాతగారు మాత్రం వరండాలోకి రావాలంటే కోటు బొత్తాలన్నీ పెట్టుకొని వచ్చేవారు, ఎండాకాలమైనా సరే. పేము అల్లిక తెగిపోయిన కుర్చీకి పలక కొట్టించుకొని, దాని మీద వీపు ఆనకుండా కూర్చొనేవారు. పడిపోవడం వేరు, వంగడం వేరు అని నాకు ఆయన నోటితో చెప్పలేదు, ఆ వీపుతో చెప్పారు. ఇత్తడి సామాను మీద మా ముత్తాతగారి పేరులోని మొదటి అక్షరాలు, ఎస్, ఆర్, వి, ఇంగ్లిషులో కొట్టించి ఉండేవి. తెలుగులో కొట్టిస్తే అందరిళ్ల గిన్నెల్లా ఉంటాయని కాబోలు. సర్వలు, చెంబులు, గంగాళాలు, చివరికి ఉప్పు వేసుకొనే గిన్నె మీద కూడా అవే మూడక్షరాలు.

మధ్యాహ్నం నిద్ర లేచాక నానమ్మ కాఫీ ఫిల్టరులో వేడినీళ్లు పోసి తాతగారి పక్కన స్టూలు మీద పెట్టేది. డికాక్షన్ దిగేదాకా నాకు పరీక్ష. మా నాన్న ఉద్యోగం ఒడిశాలో ఎక్కడో ఉండటం వల్ల నేను తాతగారి దగ్గరే చదువుకొనేవాణ్ణి. ఆయన మూడు అక్షరాలు చెప్పేవారు. ఆ మూడూ ఉన్న ఇంగ్లిషు మాటలు చెప్పాలి. వరుస మారినా తప్పులేదు, మధ్యలో ఎన్ని అక్షరాలు వచ్చినా తప్పులేదు. బహువచనాలు పనికిరావు. ఇంకొక నియమం ఉంది, అదే అసలైనది. మాట చెప్పగానే దాని అర్థం తెలుగులో చెప్పాలి. అర్థం తప్పితే మాట చెల్లదు. అనుమానం వస్తే ఒళ్లో ఉన్న పెద్ద నిఘంటువు తెరిచేవారు. "అర్థం తెలియని మాట నోట్లో పెట్టుకున్నవాడు, ఊరివాళ్ల చెప్పులు వేసుకొని నడిచేవాడు ఒకటే" అనేవారు. ఫిల్టరులోంచి చివరి చుక్క పడగానే ఆట ముగిసేది. మొదట్లో టపటపా పడే చుక్కలు చివరికి వచ్చేసరికి ఎంత ఎడంగా పడేవంటే, రెండు చుక్కల మధ్య ఊపిరి బిగబట్టి కూర్చొనేవాణ్ణి. ఇప్పటికీ కాఫీ వాసన తగిలితే నా నాలుక మాటల కోసం వెతుక్కుంటుంది.

వరండా పక్కనే నూతి గట్టు. అక్కడ పైడమ్మ అంట్లు తోమేది. నలిగిన చింతపండు, బూడిద, తడిసిన రాయి, వీటన్నిటి వాసనా కాఫీ వాసనతో కలిసి మా దాకా వచ్చేది. పొద్దుటే పెరటి తలుపు తోసుకుంటూ "సర్వంటొచ్చిందమ్మోయ్!" అని అరిచేది. ఊళ్లో సగం మందికి వినిపించేంత గొంతు. ఆ మాట ఆమెకు ఎలా అబ్బిందో చెప్పాలి. ఆమెకు తెలియకూడని సంగతులు మా ఇంట్లో ఇంగ్లిషులో మాట్లాడుకొనేవాళ్ళం. బంధువులు వచ్చినప్పుడు ఆమె వైపు చూపించి 'అవర్ సర్వెంట్' అనేవారు, నేనూ అనేవాణ్ణి. పైడమ్మ అది విని తెలుగు మాటే అనుకుంది. సర్వ అంట్లు తోముతుంది కనుక సర్వంటు. ఇళ్లల్లో మట్టికుండలే ఉన్న తమ వీధిలో, దివాణం సర్వ తోమే మనిషినని ఆమెకు గొప్పగా ఉండేది. ఎవరితోనైనా తగాదా వస్తే "ఏటనుకున్నావు నన్ను? దివాణం సర్వంటుని!" అనేది. మేము లోపల నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్ళం. తాతగారు ఒక్కరే నవ్వలేదు, ఆ మాట ఎన్నడూ వాడలేదు. "మన పైడమ్మ" అనేవారు.

సింహాచలం నా ఈడుది. తల్లి తోమిన గిన్నెలు ఎండకు బోర్లించడం ఆమె పని. అందరికీ ఇంగ్లిషు ఎ తో మొదలైతే ఆమెకు ఎస్ తో మొదలైంది. ఆరేడేళ్లప్పుడు ఆ అక్షరాలేమిటని నన్నడిగి తెలుసుకొని, స, ర, వ అని కూడబలుక్కొని, చెంబు పట్టుకొని తాతగారి దగ్గరికి వచ్చింది. "ఇదేటి తాతగారూ, సర్వ మీద సర్వ అని రాసేరు, బాగానే ఉన్నాది. సెంబు మీద కూడా సర్వనే రాసేరేటి? ఇంగిలీసోలికి సెంబుండదేటి?" అంది. మా తాతగారు పలక కుర్చీలో వీపు ఆనించి నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. మర్నాటినుంచి ఆట వేళకు వరండా మెట్ల మీద ఆమెకు కూడా చోటు దొరికింది. నేను పై మెట్టు, ఆమె కింది మెట్టు. అయిదారేళ్లలో ఆ తేడా మెట్లలో మాత్రమే మిగిలింది.

పన్నెండేళ్లు వచ్చాక ఒక మధ్యాహ్నం ఆమె నిఘంటువు తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. తర్వాత నూతి దగ్గర నన్ను పట్టుకుంది. "సినబాబూ, సర్వంటుకి అర్థం నీకు ముందే తెలుసు కదా?" అంది. తెలుసన్నాను. "మా అమ్మకి సెప్పకు. ఆ మాటంటే దానికి బాగా ఇష్టం." చెప్పనన్నాను. 

ఆ మరుసటి ఏడు మా ఇద్దరికీ ఊరి బడిలో చదువు అయిపోయింది. విజయనగరంలో రెండు హాస్టళ్లు, ఒకటి మగపిల్లలది, ఒకటి ఆడపిల్లలది, తాతగారి పాత స్నేహితుడి చేతుల్లో ఉండేవి. తాతగారు రాస్తే కాదనడు. నన్ను పంపాలని నానమ్మ పట్టు. పైడమ్మ కూడా తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. "మా గుంట గురించి కూడా ఓ ముక్క రాయండి బాబూ. నేదంటే నా పక్కనే కూకోబెట్టి తోమించాల. ఈ సంవచ్చరం నుంచీ నా నడుం కూడా వంగతన్నా లేవతన్నా నొప్పే" అంది. ఎవరినైనా ఏమైనా అడగడం తాతగారికి ప్రాణం మీదికి వచ్చినట్టుండేది. "ఒక్క ఉత్తరమే రాస్తాను. ఒకే ఏడు ఇద్దరి కోసం చెయ్యి చాపను. రేపు ఆటలో గెలిచినవాళ్లకి" అన్నారు. ఇద్దరూ సమానమైతేనో అని పైడమ్మ అడిగింది. "ఎవరికీ లేదు" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం నానమ్మ ఫిల్టరు పెట్టి లోపలికి వెళ్లలేదు, గుమ్మంలోనే నిలబడింది. తాతగారు గట్టు మీద ఎండుతున్న సర్వ వైపు చెయ్యి చూపించారు. "ఎస్, ఆర్, వి. ఇద్దరికీ తెలిసిన అక్షరాలే. మొదలుపెట్టండి."

నేను సిల్వర్ అన్నాను, వెండి. ఆమె సర్వే అంది, గొలుసు పట్టుకొని భూమి కొలవడం. ఆ గొలుసు మా పొలాల మీద పడ్డ రోజులు ఆమెకూ గుర్తే. నేను యూనివర్స్ అన్నాను. ఆమె హార్వెస్ట్ అంది, వరికోతలు. నేను కర్వ్స్ అనేసి, బహువచనమని నాలిక్కరుచుకున్నాను. చెల్లలేదు. వెంటనే ఆమె సర్వీస్ అంది.

"అర్థం?"

"బస్సు. సీపురుపల్లి సర్వీసు."

నేను పకపకా నవ్వాను. తాతగారు నవ్వలేదు. "సర్వీస్ అంటే సేవ, కొలువు. అర్థం తప్పింది, చెల్లదు" అన్నారు. "ఊరంతా బస్సునే అంటారు గదా తాతగారూ" అంది సింహాచలం. "ఊరు వేరు, పుస్తకం వేరు" అన్నారాయన. ఆమె కళ్లు తుడుచుకోలేదు, రెప్ప కూడా ఆర్పలేదు. "స్టార్వ్. తిండి నేక మాడ్డం" అంది. ఆ అర్థం చెప్పడానికి ఆమె ఆలోచించలేదు. నేను రివర్స్, ఆమె డిజర్వ్. నేను షివర్, ఆమె వెర్స్. అలా సాగి తొమ్మిదీ తొమ్మిదీ అయింది. చుక్కలు ఎడం అయ్యాయి. ఇక నా బుర్రలో మాట లేదు, కాని వంతు ఆమెది.

ఆమె సర్వ వైపు చూసింది. సర్వ పక్కన కూర్చొని గంగాళం అడుగు రుద్దుతున్న తల్లిని చూసింది. ఆమె పెదవులు ఎస్ కోసం విచ్చుకొని మళ్ళీ మూసుకోవడం నేను చూశాను. ఒక చుక్క పడింది. అప్పుడు అర్థమైంది నాకు. ఆమెకు మాట తెలుసు. ఆ మాట చెబితే అర్థం చెప్పాలి, నూతి గట్టుకు వినిపించేలా చెప్పాలి. మరో చుక్క పడింది. "నాకు రాలేదు తాతగారూ" అంది.

నా వంతు. ఒక్క మాట చాలు నాకు. కింది మెట్టు మీద కూర్చున్న పిల్లతో సమానంగా నిలిచి, సర్వీసు బస్సులో చీపురుపల్లి హైస్కూలుకు వెళ్లడమా? నా వయసు పదమూడు, నా వీపు అప్పటికే తాతగారి వీపు. "సర్వెంట్" అన్నాను. "ఎస్, ఇ, ఆర్, వి, ఎ, ఎన్, టి."

నూతి దగ్గర చప్పుడు ఆగింది. పైడమ్మ బూడిద చేతులతోనే లేచి, ముఖమంతా నవ్వుతో వచ్చింది. "ఓలమ్మ! అది నా మాటే గదా సినబాబూ! ఇంగిలీసులో కూడా ఉన్నాదేటి?"

"అర్థం?" అన్నారు తాతగారు నాతో.

నేను పైడమ్మ బూడిద చేతుల వైపు చూశాను. సింహాచలం లేచి నిలబడింది. "నానోడిపోనాను తాతగారూ. ఉత్తరం బాబుకే రాయండి. అర్థం ఒద్దు" అంది.

"అర్థం లేకుండా ఈ ఇంట్లో మాట చెల్లదు."

"ఇంతదానికి ఆలోసనేటి బాబూ?" అంది పైడమ్మ. "నాను సెప్తాను. సర్వ అంట్లు తోమీదాన్ని సర్వంటు అంటారు. అంతే గదా?"

తాతగారు కళ్లజోడు తీశారు. ఆ కళ్లజోడు లేకుండా ఆయన ముఖం ఎవరిదోలా ఉంది. బస్సు అన్నందుకు మాట కొట్టేసిన మనిషి. అర్థం తప్పి రాశాడని కలెక్టరు గుమస్తా చేత కాగితం తిరిగి రాయించిన మనిషి. "సరిగ్గా చెప్పావు పైడమ్మా. అదే అర్థం. అర్థం చెప్పిన వాళ్లదే మాట. సింహాచలానికి పది, వీడికి తొమ్మిది" అన్నారు. చివరి చుక్క పడిందో లేదో ఎవరమూ చూడలేదు.

ఆయన ఆ మాట ఎందుకన్నారో నాకు తెలియకపోలేదు. తెలిసే అరిచాను. "తప్పు తాతగారూ! దాసీది అని అర్థం! నౌకరు, దాసీది అని! పెద్ద పుస్తకంలో ఉంది, చూడండి!"

నానమ్మ గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయింది. పైడమ్మ నా వైపు చూడలేదు, తాతగారి వైపూ చూడలేదు, కూతురి వైపు చూసింది. ఆ పిల్ల తల దించుకోవడం చూసి, తనకు అప్పటిదాకా ఎవరూ చెప్పనిది కూతురికి కూడా తెలుసని గ్రహించింది. "అలగేటి" అంది. చేతి బూడిద దులుపుకుంటూ మళ్ళీ, "అలగేటి బాబూ" అంది. వెళ్లి గంగాళం ముందు కూర్చుంది.

తాతగారు నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. కాగితం, కలం తెప్పించుకొని, నా ఎదుటే సింహాచలం పేరు మీద ఉత్తరం రాశారు. మడిచి సర్వలో వేశారు. "ఇది నెత్తిన పెట్టుకొని పైడమ్మ ఇంట్లో ఇచ్చి రా" అన్నారు. దివాణం పిల్లవాడు వీధిలో గిన్నె నెత్తిన మోసిన రోజు మా వంశచరిత్రలో అదొక్కటే. అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడి చూశారు. నేను మెడ వంచలేదు. వంచితే సర్వ పడిపోతుంది. గుమ్మంలో దించి, లోపలినుంచి ఎవరో పిలుస్తున్నా వినిపించుకోకుండా వచ్చేశాను. మా ఇంట్లో ఒకరు ఇంకొకరికి తప్పైపోయిందని చెప్పుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఆ మాటలు ఏ వరుసలో చెప్పాలో నాకు తెలియదు.

మర్నాడు పైడమ్మ మామూలుగానే పనికి వచ్చింది. ఇంకా నాలుగేళ్లు వచ్చింది. పెరటి తలుపు చప్పుడు కాకుండా తీసుకొని వచ్చేది. ఆ కేక లేని పొద్దుల్లో నానమ్మ "పైడమ్మ రాలేదేమిటి?" అని గిన్నెల గలగల వినేదాకా అడుగుతూనే ఉండేది. సింహాచలం విజయనగరం వెళ్లింది. నేను ఆ సర్వీసులోనే చీపురుపల్లి తిరిగి చదువుకొన్నాను. తర్వాత ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఉద్యోగం. చేరిన రోజు నాతో సంతకం పెట్టించుకొన్న నిబంధనల కాగితంలో నన్ను ఏ మాటతో రాశారో చదివి, కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాను. అర్థం నాకు తెలుసు. సంతకం పెట్టాను.

ఇప్పటి ఆటకు అర్థాలతో పనిలేదని పిల్ల చేతిలోని ఫోను చూస్తుంటే తెలుస్తోంది. అక్షరాలు కలిస్తే చాలు, రంగులు చిమ్మి మెచ్చుకుంటుంది. తప్పు చేస్తే కొంచెం ఊగి ఊరుకుంటుంది, కావలసినంత సేపు ఆగుతుంది, అడిగితే దారి కూడా చూపిస్తుంది. ఎవరి ముఖమూ చూడనక్కర్లేదు. చెడ్డ ఆట అనను. మా ఆటే మంచిదనడానికి నా దగ్గర రుజువు లేదు.

పిల్ల ఊరుకోలేదు. వేలు అటూ ఇటూ జరుపుతూ, జరుపుతూ, ఒక్కసారి కేక పెట్టింది. "సర్వెంట్! నానమ్మా, సర్వెంటే! ఇంత ఈజీ!" తెర మీద రంగులు చిమ్మాయి. నా వైపు తిరిగి, "తాతా, ఇంత ఈజీది నీకు తట్టలేదేటి?" అంది.

"తాతకి తట్టింది" అంది సింహాచలం. ముక్కాలిపీట మీంచి కదలలేదు. టీచరుగా ఇన్నేళ్లు మాట్లాడిన పుస్తకం తెలుగులోనే అంది. "ఆయనకి చాలా కాలం కిందటే తట్టింది. అర్థం అడుగు."

"మా ఇంట్లో రూలు తాతా" అంది పిల్ల, నాకు వివరంగా. "ఫోనొప్పుకున్నా నానమ్మ ఒప్పుకోదు. అర్థం చెప్తేనే మార్కు. తప్పు చెప్తే కట్."

వరండాలో ఆకులు తీస్తున్నవాళ్లు తీస్తున్నారు. లోపల గోడకు పైడమ్మ ఫొటో, దండ వేసి ఉంది. ఫొటో కోసం కూర్చోబెడితే బిగుసుకుపోయిన ముఖం, ఆ గొంతు ఉన్న మనిషిలా లేదు. సింహాచలం నన్నే చూస్తోంది. ఆమె వీపు కూడా పీట మీద నిటారుగా ఉంది. అది ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు.

"సర్వ అంట్లు తోమేవాళ్లని సర్వంటు అంటారమ్మా" అన్నాను.

పిల్ల నవ్వింది. పడీ పడీ నవ్వింది. "తప్పు! ఎంత తప్పో! నానమ్మా, తాతకి కట్!"

సింహాచలం సర్వలోంచి చెంబుతో నీళ్లు ముంచుకొంది. చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. అయినా కడుక్కొంది, కొంగుతో తుడుచుకొంది. ఆ తర్వాత మనవరాలితో, పుస్తకం తెలుగు మానేసి, తల్లి తెలుగులో అంది.

"ఏసీయే, మార్కు. సరిగ్గానే సెప్పేడు."